పది సినిమాలు, ఒక బ్యాలెట్ పేపర్

‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చింది 2023 మార్చి 13, సోమవారం పొద్దున. ఆ రోజు మా హాస్టల్ నుంచి ఫస్ట్ అవర్ క్లాసుకి వెళ్లినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మరుసటి ఏడాది 2024 మార్చి 11, అదీ సోమవారమే. 96వ ఆస్కార్ అవార్డులు ఇస్తున్నారన్న సంగతి మా ఫ్లోర్‌లో ఇద్దరికో ముగ్గురికో తెలుసు. మన సినిమా లేదు కదా, మనకెందుకు అన్నారు మిగతావాళ్లు. నిజమే, మనదేశం అధికారికంగా పంపిన మలయాళ సినిమా ‘2018’ షార్ట్‌లిస్టు దాకా కూడా వెళ్లలేదు. కూతురికి న్యాయం కోసం ఊరందరికీ ఎదురు నిలిచిన ఒక జార్ఖండ్ రైతు కథ ‘టు కిల్ ఎ టైగర్’ డాక్యుమెంటరీల విభాగంలో నామినేషన్ దాకా వెళ్లి, యుక్రెయిన్ యుద్ధం మీద తీసిన ‘20 డేస్ ఇన్ మారియుపోల్’ చేతిలో ఓడిపోయింది. అంతే, ఆ ఏడాది మన ముచ్చట.

నేను మాత్రం ఉత్తమ చిత్రం విభాగంలో నామినేట్ అయిన పది సినిమాలూ చూశాను. కొన్ని థియేటర్లో, ఎక్కువ భాగం ల్యాప్‌టాప్‌లో, రెండు సినిమాలైతే ఇంటర్నల్స్ మధ్యలో. వాటి మీద నా అభిప్రాయాలు మన పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, ఈ పదిలో కనీసం మూడింట్లో మనలాంటి వాళ్లున్నారు. అంటే ఇంజినీర్లు, సైంటిస్టులు. హీరో పేరు పక్కన బీటెక్ అని తగిలించి వదిలేసే మన సినిమాల లెక్క కాదు. వాళ్ల చదువు, వాళ్ల పని, ఆ పని ఎవరి నెత్తిన పడింది అన్నదే ఆ సినిమాల్లో విషయం.

ముందు ఈ ఉత్తమ చిత్రాన్ని ఎలా లెక్కిస్తారో చెప్తాను. అది తెలియకపోతే అవార్డు వచ్చిన సినిమాని అందరికంటే గొప్పదనో, రానిదాన్ని దద్దమ్మదనో అనుకుంటాం.

నామినేషన్ల దగ్గర ఎవరి శాఖకు వాళ్లే ఓటేస్తారు. నటులు నటుల్ని, ఎడిటర్లు ఎడిటర్లని, దర్శకులు దర్శకుల్ని ఎంపిక చేస్తారు. ఉత్తమ చిత్రానికి మాత్రం అకాడమీ సభ్యులందరూ ఓటేయొచ్చు. చివరి రౌండులో మిగతా విభాగాలన్నిట్లో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే విజేత. ఉత్తమ చిత్రానికి అలా కాదు, పది సినిమాలకీ ర్యాంకులివ్వాలి. దీన్ని మన మెస్ భాషలో చూద్దాం. ఆదివారం స్పెషల్ ఏం వండాలని వందమందిని అడిగారనుకోండి. చికెన్ బిర్యానీకి 40 మంది, పులిహోరకి 35 మంది, చపాతీ కుర్మాకి 25 మంది మొదటి ర్యాంకు ఇచ్చారు. మామూలు లెక్కలో బిర్యానీదే గెలుపు. ర్యాంకుల లెక్కలో సగానికి పైగా ఓట్లు ఎవరికీ రాలేదు కాబట్టి అందరికంటే కింద ఉన్న చపాతీని తీసేస్తారు. ఆ 25 మంది కాగితాల మీద రెండో ర్యాంకు దేనికుందో చూసి ఆ ఓట్లు దానికి కలుపుతారు. వాళ్లంతా శాకాహారులే అయితే పులిహోర 60తో గెలుస్తుంది. బిర్యానీగాళ్లు మెస్ కమిటీ మీద పడి గోల చేస్తారు, అది వేరే సంగతి.

అకాడమీ 2009 సినిమాలతో మొదలుపెట్టి ఇదే పద్ధతి వాడుతోంది. దీనివల్ల కొందరు ప్రాణంలా ప్రేమించి, కొందరు అసహ్యించుకునే సినిమాకి కష్టం. ఎవరి కాగితంలో చూసినా పైన రెండోదిగానో మూడోదిగానో ఉండేదానికి సులువు. ఓట్ల అంకెలు ఎప్పుడూ బయటపెట్టరు గనక ఏ ఏడాది ఏం జరిగిందన్నది ఊహే. ఇప్పుడు నా కాగితం.

‘ఓపెన్‌హైమర్’తో మొదలుపెడదాం, మీలో ఎక్కువమంది చూసింది అదే కాబట్టి. 13 నామినేషన్లు, 7 అవార్డులు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, సహాయ నటుడు అన్నీ దానికే. 2023 జులై 21న ఇటు ఓపెన్‌హైమర్, అటు బార్బీ ఒకేరోజు రిలీజైతే మన దగ్గర గొడవంతా ఒక శృంగార సన్నివేశంలో భగవద్గీత చదివించడం మీద జరిగింది. ఆయన బర్కిలీలో సంస్కృతం నేర్చుకుని గీత చదివిన మాట వాస్తవం, కానీ ఆ సీన్ లేకపోయినా సినిమాకి వచ్చే నష్టమేమీ లేదని నా ఉద్దేశం.

నాకు నచ్చింది ట్రినిటీ పరీక్ష. వెలుగు ముందొచ్చి, శబ్దం చాలాసేపటికి వస్తుంది. ఓపెన్‌హైమర్ ఉన్న బంకర్ పేలుడు చోటికి 10 వేల గజాల దూరం, అంటే సుమారు 9 కిలోమీటర్లు. సెకనుకి 340 మీటర్ల చొప్పున లెక్కేస్తే శబ్దం రావడానికి 27 సెకన్లు చాలు. నోలన్ అంతకంటే చాలా ఎక్కువసేపు ఆపాడు. ఫిజిక్స్ ప్రకారం తప్పు, సినిమా ప్రకారం మాత్రం థియేటర్లో ఒక్కడూ పాప్‌కార్న్ నమల్లేదు. ఆ తర్వాత హిరోషిమా వార్త వచ్చాక జనం బల్లల మీద కాళ్లతో దబదబా తొక్కుతూ చప్పట్లు కొడుతుంటే ఆయన చెవుల్లో అంతా ఆగిపోయే సీన్. సినిమా మొత్తంలో అదే గొప్ప సన్నివేశం.

నాకు పేచీ ఉన్నది ఇంకో సీన్‌తో. బాంబు పడ్డాక అక్కడి జనం ఫొటోలు తెర మీద వేసి చూపిస్తుంటారు. ఓపెన్‌హైమర్ తల దించుకుంటాడు. కెమెరా ఆయన ముఖం మీదే ఉంటుంది, మనకి ఆ ఫొటోలు కనపడవు. బాధితుల్ని చూపించలేదన్నది తప్పు కాదు. అయితే అక్కణ్ణుంచి సినిమా దాదాపు గంటసేపు ఆయన సెక్యూరిటీ క్లియరెన్స్ పోతుందా ఉంటుందా, స్ట్రాస్ మంత్రి అవుతాడా లేదా అన్నదాని వెంట పరిగెడుతుంది. హిరోషిమా, నాగసాకి ఒక పెద్దమనిషి మనోవేదనకి నేపథ్యంగా మిగిలిపోయాయి. జపాన్‌లో ఈ సినిమా రిలీజైంది 2024 మార్చి 29న, అవార్డులు ఇవ్వడం కూడా అయిపోయాక. అక్కడి ప్రేక్షకుడి పక్కన కూర్చుని ఆ ఆఖరి గంట చూడాలని ఉంది నాకు.

ఇక నా మొదటి ర్యాంకు ‘ది జోన్ ఆఫ్ ఇంటరెస్ట్’కి. జొనాథన్ గ్లేజర్ తీశాడు. జర్మన్ భాషలో ఉంటుంది కానీ బ్రిటన్ తరఫున వెళ్లి ఉత్తమ అంతర్జాతీయ చిత్రం గెలిచింది. కథ చెప్పమంటే ఒక వాక్యం. ఆష్విట్జ్ క్యాంపుకి కమాండెంట్‌గా ఉన్న రుడాల్ఫ్ హెస్, భార్య హెడ్విగ్, పిల్లలు క్యాంపు గోడ పక్కనే ఒక అందమైన ఇంట్లో కాపురం ఉంటారు. హెడ్విగ్ తోట పెంచుతుంది, పిల్లలు ఈత కొడతారు, మొగుడికి బదిలీ అయితే నేను ఈ ఇల్లు వదిలి రానని భార్య గొడవ పెట్టుకుంటుంది. ఇంతే. కెమెరా ఒక్కసారి కూడా క్యాంపు లోపల జరిగేది చూపించదు.

కానీ వినిపిస్తుంది. తుపాకీ మోత, కేకలు, కుక్కలు, రైలు, వీటన్నిటి కింద ఆగకుండా కొలిమి హోరు. మొదటి పది నిమిషాలు మనం ఆ శబ్దాల్ని పట్టించుకుంటాం. అరగంటకి అలవాటు పడిపోతాం. నేను ఈసీఈ వాణ్ణి, సిగ్నల్‌ని నాయిస్ నుంచి విడదీయడం గురించి రెండు సెమిస్టర్లు చదివాను. ఈ సినిమాలో నాయిస్ అనుకుని మనం వదిలేసేదే సిగ్నల్. సౌండ్ డిజైనర్ జానీ బర్న్ ప్రాణాలతో బయటపడ్డవాళ్ల సాక్ష్యాలు చదివి, ఆ కాలపు శబ్దాలని ఒక్కొక్కటిగా పోగుచేసుకున్నాడు. ఉత్తమ సౌండ్ అవార్డు ఓపెన్‌హైమర్‌కే అని చాలామంది అనుకుంటున్న చోట దీనికి వచ్చింది. ఆ ఏడాది ఇచ్చిన అవార్డుల్లో అది అన్నిటికంటే న్యాయమైనదని నా లెక్క.

తీసిన పద్ధతి కూడా వింతే. ఇంట్లో అక్కడక్కడా కెమెరాలు దాచిపెట్టి, సిబ్బంది ఎవరూ గదుల్లో లేకుండా, సినిమా లైట్లు వాడకుండా, నటుల్ని వాళ్ల మానాన వదిలేశారు. క్లోజప్పులు దాదాపు ఉండవు. సీసీ కెమెరాలో పక్కింటివాళ్ల సంసారం చూస్తున్నట్టుంటుంది. రాత్రిపూట ఖైదీల కోసం ఆపిల్ పళ్లు దాచిపెట్టి వచ్చే పోలండ్ అమ్మాయిని మాత్రం థర్మల్ కెమెరాతో తీశారు. చీకట్లో లైటు వేయకుండా తీయాలంటే వేడిని పట్టుకోవడమే దారి. అలా ఆ సినిమా మొత్తంలో వెలుగుతూ కనిపించే మనిషి ఆ పిల్ల ఒక్కతే.

నేను చెప్పదలుచుకున్న సీన్ ఇది. హెస్ ఇంటికి ఇద్దరు సూటు మనుషులొస్తారు. బల్ల మీద డ్రాయింగ్ పరుస్తారు. కొత్త రకం కొలిమి డిజైన్ అది. గదులు గుండ్రంగా ఉంటాయి, ఒకటి మండుతుంటే ఎదురుగా ఉన్నది చల్లారుతూ ఉంటుంది. కాల్చడం, చల్లార్చడం, ఖాళీ చేయడం, మళ్లీ నింపడం, ఎక్కడా ఆగకుండా. వాళ్లు మర్యాదస్తులు, కష్టపడి పనిచేసినట్టు తెలుస్తూనే ఉంది, డిజైన్ మీద వాళ్లకి గర్వం కూడా ఉంది. ఆ మాటల్లో మనుషులన్న ఊసే రాదు. ఆష్విట్జ్ కొలిమిలు కట్టిన టోఫ్ అండ్ సన్స్ నిజంగా ఉన్న కంపెనీ, ఎర్ఫర్ట్ ఊళ్లో.

ఆ సీన్ దగ్గర నేను పాజ్ కొట్టాను. ఎందుకంటే అది అచ్చం మన మినీ ప్రాజెక్ట్ రివ్యూలా ఉంది. డౌన్‌టైమ్ ఎంత, త్రూపుట్ ఎంత, ఇంప్రూవ్‌మెంట్ ఏంటి. రాక్షసుల్లా నటించి ఉంటే నాకు ఏమీ అనిపించేది కాదు, రాక్షసులతో మనకి చుట్టరికం లేదు కాబట్టి. ఓపెన్‌హైమర్‌లోనూ ఇలాంటి మీటింగే ఉంది. ఏ ఊరి మీద వేయాలో చర్చిస్తూ, స్టిమ్సన్ తను హనీమూన్‌కి వెళ్లిన ఊరని క్యోటో పేరు కొట్టేస్తాడు. అక్కడ థియేటర్లో కొందరు నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వు మధ్యలో ఆగిపోయింది. రెండు సినిమాలూ మీటింగ్ రూములో ఏం జరుగుతుందో చూపించాయి. తేడా ఏంటంటే, నోలన్ సినిమా తన హీరోతో పాటు బాధపడమంటుంది. గ్లేజర్ సినిమా ఎవరితోనూ బాధపడనివ్వదు, నువ్వు వింటున్నావా లేదా అని మాత్రం అడుగుతూ ఉంటుంది. నేనైతే రెండోదానికే ఎక్కువ భయపడ్డాను.

హెడ్విగ్‌గా వేసిన సాండ్రా హుల్లర్ అదే ఏడాది ‘అనాటమీ ఆఫ్ ఎ ఫాల్’లో హీరోయిన్. భర్త పై అంతస్తు నుంచి పడి చనిపోతాడు. పడ్డాడా, దూకాడా, తోసిందా? జస్టిన్ ట్రియే ఆ పడటాన్ని చూపించదు. ఇక్కడ కూడా చెవులే దిక్కు. కోర్టులో భార్యాభర్తల గొడవ రికార్డింగ్ వినిపిస్తారు. మనకి ఆ గొడవ కళ్ల ముందు కనిపిస్తుంది, సరిగ్గా చేయి లేచే సమయానికి దృశ్యం ఆగిపోయి కోర్టు హాల్లో శబ్దం ఒక్కటే మిగులుతుంది. చూపు సరిగ్గా లేని కొడుకు అది వింటూ కూర్చుంటాడు. తీర్పు వస్తుంది, నిజం మాత్రం రాదు. కాన్‌లో పామ్ డోర్ గెలిచిన ఈ సినిమాని ఫ్రాన్స్ అంతర్జాతీయ విభాగానికి పంపలేదు, ఇంకోదాన్ని పంపింది, దానికి నామినేషనే రాలేదు. దీనికేమో స్క్రీన్‌ప్లే ఆస్కార్ వచ్చింది. ఏ సినిమాని పంపాలన్న దగ్గర దేశాల కమిటీలు తడబడటం మనకి మాత్రమే ఉన్న జబ్బు కాదని సంతోషించాను. నా మూడో ర్యాంకు దీనికి.

రెండోది ‘పాస్ట్ లైవ్స్’. అవార్డులు సున్నా, నామినేషన్లే రెండు. ఈ సినిమాని ఎమ్మెస్‌కి అప్లై చేసినవాళ్లంతా ఐ-20 రాకముందే చూడాలి. సోల్‌లో ఒకే క్లాసులో చదువుకున్న ఇద్దరు పిల్లలు. పన్నెండేళ్లకి ఆ అమ్మాయి కుటుంబం కెనడా వెళ్లిపోతుంది, తర్వాత తను న్యూయార్క్‌లో రచయిత్రి అవుతుంది. అబ్బాయి అక్కడే ఉండి ఇంజినీరింగ్ చదువుతాడు. పన్నెండేళ్లకొకసారి మళ్లీ కలుస్తారు, ఒకసారి స్కైప్‌లో, ఒకసారి ఎదురుగా. అప్పటికి ఆమెకి పెళ్లయింది. భర్త మంచివాడు. విలన్ లేడు, గొడవ లేదు.

కొరియన్లకి ‘ఇన్యన్’ అని ఒక మాట ఉంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో దాన్ని విడమర్చడానికి పాపం చాలా అవస్థపడ్డారు. మనకి అంత ఇబ్బంది లేదు, ఋణానుబంధం. మా అమ్మమ్మ ఈ మాట రోజుకోసారైనా అంటుంది. దారిన పోతూ ఇద్దరి బట్టలు రాసుకున్నా ఏదో జన్మలో బాకీ ఉన్నట్టే. సినిమాలో భర్త ఒక మాటంటాడు, నువ్వు నిద్రలో కొరియన్‌లోనే కలవరిస్తావు, ఆ చోటికి నేను రాలేను, అందుకే భాష నేర్చుకుంటున్నాను అని. నేను చెప్పింది సారాంశమే, సినిమాలో ఇంకా బాగుంటుంది. డల్లాస్‌లో ఉంటున్న మా కజిన్ అక్కకి ఈ సినిమా చూడమని పంపాను. రెండు రోజుల తర్వాత వాయిస్ మెసేజ్ పెట్టింది, నీకు వేరే పని లేదారా అని. గొంతు మాత్రం వేరేగా ఉంది. చివర్లో ఇద్దరూ క్యాబ్ కోసం ఎదురుచూస్తూ రోడ్డు మీద ఏమీ మాట్లాడకుండా నిలబడతారు. మన సినిమా అయితే అక్కడ పాట పడేది, ఇక్కడ వీధి శబ్దం తప్ప ఏమీ లేదు.

మిగతావాటిని త్వరగా చెప్పేస్తాను. నాలుగు ఓపెన్‌హైమర్. పేచీలెన్ని ఉన్నా మూడు గంటలు కదలకుండా కూర్చోబెట్టాడు. ఐదు ‘ది హోల్డోవర్స్’. క్రిస్మస్ సెలవులకి ఇంటికి వెళ్లలేక హాస్టల్లో మిగిలిపోయిన కుర్రాడు, ఎవరికీ నచ్చని లెక్చరర్, వియత్నాంలో కొడుకుని పోగొట్టుకున్న వంటావిడ. సంక్రాంతికి హాస్టల్లో ఉండిపోయిన అనుభవం ఉన్నవాళ్లకి దీని గురించి నేను చెప్పేదేమీ లేదు. వంటావిడగా వేసిన డవైన్ జాయ్ రాండాల్ఫ్‌కి సహాయ నటి ఆస్కార్ వచ్చింది, రాకపోతే నేనే గొడవ చేసేవాణ్ణి.

ఆరు ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’. ఓక్లహోమాలో ఓసేజ్ తెగ నేల కింద చమురు దొరుకుతుంది. 1920ల్లో ఆ డబ్బు కోసం తెల్లవాళ్లు వాళ్లింటి అల్లుళ్లుగా చేరి ఒక్కొక్కర్నీ చంపుతారు. 10 నామినేషన్లు వచ్చి ఒక్క అవార్డూ రాలేదు. మూడున్నర గంటల నిడివి మీద నాకు ఫిర్యాదు లేదు, ఆ సమయంలో ఎక్కువ భాగం హంతకుల పక్కనే గడిపించడం మీద ఉంది. మోలీగా వేసిన లిలీ గ్లాడ్‌స్టోన్ మంచం మీద పడుకుని కళ్లతో చూపించింది చాలు, కథ ఆమె వైపు నుంచి చెప్పి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోవడానికి. ఏడు ‘అమెరికన్ ఫిక్షన్’. నల్లజాతి రచయిత ఒకాయన తెల్ల పాఠకులు కోరుకునే పేదరికం, తుపాకులు అన్నీ దట్టించి వెటకారంగా ఒక నవల రాస్తే అది నిజంగానే హిట్టవుతుంది. మనదేశం నుంచి విదేశాలకి ఏ సినిమాలు నచ్చుతాయో గమనించినవాళ్లకి ఇందులో జోకులు ఇంకొంచెం ఎక్కువ అర్థమవుతాయి.

ఎనిమిది ‘బార్బీ’. గ్రెటా గెర్విగ్‌కి దర్శకుల శాఖ నామినేషన్ ఇవ్వకపోవడం అన్యాయమే. గులాబీ రంగు వెనక అంత పని ఉందని ఒప్పుకోవడానికి వాళ్లకి మనసు రాలేదు. కానీ మధ్యలో ఆడవాళ్ల కష్టాల మీద వచ్చే ప్రసంగం మాత్రం డిబేట్ పోటీలో మూడు నిమిషాల స్పీచ్‌లా ఉంది. అందులో ప్రతి మాటా నిజమే, సీన్ మాత్రం పండలేదు. తొమ్మిది ‘పూర్ థింగ్స్’. ఎమ్మా స్టోన్ ఆస్కార్ కష్టపడి సంపాదించుకున్నదే, సెట్లు బట్టలు అద్భుతం, పారిస్ ఎపిసోడ్ దగ్గర సగం తగ్గించొచ్చు. రూమ్మేట్లతో కలిసి మాత్రం చూడకండి. పది ‘మాయెస్ట్రో’. బెర్న్‌స్టైన్ గొప్ప సంగీతకారుడని సినిమా చూడకముందే తెలుసు, చూశాక కూడా అంతే తెలుసు. చర్చిలో సింఫనీ నడిపించే ఆ కొన్ని నిమిషాలు చూస్తే సరిపోతుంది.

ఇప్పుడు నా కాగితాన్ని అకాడమీ లెక్కలో పెట్టి చూడండి. ‘జోన్ ఆఫ్ ఇంటరెస్ట్’ని మొదటి ర్యాంకులో పెట్టేవాళ్లు తక్కువే ఉంటారు కాబట్టి అది మధ్యలో ఎక్కడో ఎగిరిపోతుందనుకుందాం. నా ఓటు ‘పాస్ట్ లైవ్స్’కి వెళ్లాలి, రెండే నామినేషన్లున్న ఆ చిన్న సినిమా అప్పటికే పోయుంటుంది. తర్వాత ‘అనాటమీ ఆఫ్ ఎ ఫాల్’, కొన్ని రౌండ్లకి అదీ పోతుంది. ఇక మిగిలింది నా నాలుగో ర్యాంకు. ఇంత రాసి, ఇంత వాదించి, చివరికి నా ఓటు పడేది ఓపెన్‌హైమర్ కుప్పలోనే. మా రూమ్మేట్ చూసింది మొత్తం రెండే సినిమాలు, వాడి మొదటి ర్యాంకు కూడా అదే. వాడికి ఈ లెక్కంతా చెప్తే, “మరి నువ్వు ఆ మిగతా ఎనిమిదీ ఎందుకు చూశావ్ మామా?” అన్నాడు. నేను సమాధానం చెప్పలేదు, నా ఇయర్‌ఫోన్స్ వాడి చేతిలో పెట్టి ‘జోన్ ఆఫ్ ఇంటరెస్ట్’ ప్లే చేసి ఇచ్చాను.